అన్నిటికీ ఒకటే జత?

మొన్న ఆదివారం డెన్వర్ నించి మా బావమరిది ఫోన్ చేశాడు. డాలస్‌లో ఉద్యోగం వదిలి అక్కడికి మారి నాలుగు నెలలైంది. ఆఫీసు కిటికీలోంచి కొండలు కనబడేసరికి మనవాళ్ళకి వచ్చే జ్వరమే వాడికీ వచ్చింది. "బావా, నీ స్కీలు ఏ మోడలు? నేను గూడ అదే జత తీసుకుంటా. అన్నిటికీ పనికొస్తయని రాసిండ్రు. ఒక్కసారి కొంటే అయిపోతది గదా" అన్నాడు.

మామూలుగా అయితే మోడల్ పేరు వాట్సాప్‌లో పడేసి నా పని నేను చూసుకునేవాణ్ణి. ఈసారి మాత్రం "వారం ఆగు, రాసి పంపుతా" అన్నా. రాయబోతే ఇంత పొడుగైంది, అందుకని అందరికీ కలిపి ఇక్కడే పెట్టేస్తున్నా. సియాటిల్‌లో, డెన్వర్‌లో, టొరాంటోలో ఇదే ప్రశ్న బుర్రలో పెట్టుకుని తిరిగే తెలుగువాళ్ళు చాలామందే ఉంటారని నా నమ్మకం. ఇంకో కారణం కూడా ఉంది. ఇదే ప్రశ్నకి ఇంతకు ముందు ఒకసారి, ఒకరికి, ఒక్క నిముషంలో జవాబు చెప్పేశాను. అది నాకింకా మింగుడు పడలేదు. ఆ సంగతికి తర్వాత వస్తా.

ముందు నా అర్హతలు చెప్పాలి కదా. అర్హతంటూ పెద్దగా ఏమీ లేదు. మాది నల్లగొండ జిల్లా త్రిపురారం. మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పండించుకునే ప్రాంతం. మొదటిసారి కాళ్ళకి స్కీలు కట్టుకునేనాటికి నాకు ముప్ఫై మూడేళ్ళు. ఆరేళ్ళ పిల్లలు పక్కనించి సర్రున జారిపోతుంటే, చలికి కాదు, సిగ్గుకి చెవులు ఎర్రబడ్డ రోజులున్నాయి. ఇప్పటికీ నేను మధ్యరకం స్కీయర్నే. నల్ల వజ్రం గుర్తున్న వాలు కనబడితే ముందు పక్కదారేదైనా ఉందా అని చూస్తా. ఈ రాసేదంతా అలాంటివాడి అభిప్రాయం అని గుర్తుంచుకోండి. నిజానికి ఈ సబ్జెక్టులో దొరకనిది అలాంటివాడి అభిప్రాయమే.

మా ఊళ్ళో మంచు అంటే సంక్రాంతి ముందు తెల్లవారుజామున వాకిట్లో కమ్ముకునేది. గాల్లో తేలితే మంచు, గడ్డి మీద తడిగా పడితే మంచు, సినిమాలో కాశ్మీరు చూపిస్తే అదీ మంచే. ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం, ఎందుకంటే దాంతో మనకి పని పడలేదు. పని పడిన చోట చూడండి.. బురద, అడుసు, రొంపి, రొచ్చు, ఊబి, జాలు, ఒండ్రు! ఏ మడిలో ట్రాక్టర్ సాఫీగా తిరుగుతుందో, ఏ మూలకి పోతే దిగబడుతుందో మా నాన్న గట్టు మీద నిలబడే చెప్పేస్తాడు. స్కీల గురించి నాకు అర్థమైందంతా చివరికి ఆ బురద దారిలోంచే అర్థమైంది. అదెలాగో చెప్తా.

ఇంతకీ నా జత. కంపెనీ పేరు చెప్పను. చెబితే మాట ఆ కంపెనీ మీదికి పోతుంది, నా గోల మొత్తం ఆ తరగతి గురించి. సాలోమన్ క్యూఎస్‌టీ, బ్లిజార్డ్ రస్ట్లర్, అటామిక్ బెంట్.. ఇలా ప్రతి పెద్ద కంపెనీకీ ఈ తరగతిలో ఒక వరస ఉంది. ఫ్రీరైడ్ అంటారు. నున్నగా దువ్విన వాలు మీదే కాకుండా కొండ మీద ఎక్కడపడితే అక్కడ తిరిగే స్కీ అన్నమాట. అందులో నడుము 95 నించి 105 మిల్లీమీటర్ల మధ్య ఉన్న వాటికి 'అన్నిటికీ ఒకటే' అని బిరుదు తగిలిస్తారు.

స్కీ వెడల్పుని మూడు అంకెల్లో చెబుతారు: ముక్కు, నడుము, తోక. నావి 134, 100, 123 మిల్లీమీటర్లు. పొడవు 180 సెంటీమీటర్లు. నడుము సన్నగా ఉండబట్టి పక్క అంచు విల్లులా వంగి ఉంటుంది. ఆ వంపుని పొడిగిస్తే వచ్చే వృత్తం వ్యాసార్ధం నా జతకి 18 మీటర్లు. స్కీని పక్కకి వాల్చి అంచు మీద నిలబెడితే చాలు, అది తనంతట తనే తిరుగుతుంది. ఎంత వాలిస్తే అంత చిన్న మలుపు. స్థూలంగా చెప్పాలంటే వ్యాసార్ధాన్ని వాల్చిన కోణం కొసైన్‌తో గుణించాలి. అరవై డిగ్రీలు వాలిస్తే 18 కాస్తా 9 అవుతుంది. (అరవై డిగ్రీలు వాల్చేది టీవీలో కనిపించేవాళ్ళు. నేను ముప్ఫై దాటితే ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటా :))

లోపల చెక్క, పైనా కిందా పల్చటి అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు, కింద పాలిథిన్ జాతి ప్లాస్టిక్ అడుగు, చుట్టూ ఉక్కు అంచు. నేల మీద పెడితే నడుము దగ్గర కొంచెం పైకి లేచి ఉంటుంది. అది క్యాంబర్. ముక్కూ తోకా పడవ కొసల్లా పైకి తిరిగి ఉంటాయి. అది రాకర్. మనం ఎక్కి నిలబడితే క్యాంబర్ అణిగి అంచు పొడవునా బరువు పంచుతుంది. రాకర్ ముక్కుని మంచులో కూరుకుపోకుండా చూస్తుంది. ఒక స్కీలో రెండూ పెట్టడమే ఈ తరగతి రహస్యమంతా.

ఇలాంటి స్కీలు ఎప్పుడూ లేవు. 1980ల చివరి దాకా మెత్తటి మంచులో కూడా జనం సన్న స్కీల మీదే తంటాలు పడ్డారు. అప్పుడు ఆస్ట్రియాలో అటామిక్ కంపెనీ పౌడర్ ప్లస్ అని బాగా వెడల్పాటి స్కీ తెచ్చింది. 1993లో స్లొవేనియాకి చెందిన ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అని నడుము బాగా సన్నగా, ముక్కూ తోకా వెడల్పుగా ఉన్నది తెచ్చి గట్టి మంచు మీద మలుపు తిరగడాన్నే మార్చేసింది. ఆ తర్వాత షేన్ మెకాంకీ అనే మొండివాడు నీళ్ళ మీద లాగించుకునే వాటర్ స్కీల మీద అలాస్కా కొండ దిగి చూశాడు. మెత్తటి మంచు గట్టి నేల కన్నా నీళ్ళకే దగ్గర అని అతని వాదన. ఆ వాదనలోంచే 2000ల మొదట్లో వోలాంట్ స్పాచులా వచ్చింది. మనం నేర్చుకున్న విల్లు వంపుకి పూర్తిగా తలకిందులు. ముక్కూ తోకా సన్నం, నడుము లావు, కొసలు రెండూ పైకి. మెకాంకీ 2009లో ఇటలీ డోలమైట్స్‌లో స్కీల మీంచి పారాచూట్‌తో దూకే ప్రయత్నంలో పోయాడు. అతని ఆలోచన మాత్రం కొద్దోగొప్పో ఇవాళ దుకాణంలో ఉన్న దాదాపు ప్రతి ఫ్రీరైడ్ స్కీ ముక్కులోనూ ఉంది.

అంటే గట్టి మంచు కోసం ఒకరు, మెత్తటి మంచు కోసం ఇంకొకరు విడివిడిగా కనిపెట్టినవి తెచ్చి ఒకే పలక మీద సర్దారు. మన భాషలో ఫుల్ స్టాక్ :) సర్దుబాటు అన్నాక ఎవరో ఒకరు నష్టపోవాలి. ఇక్కడ ఎవరు నష్టపోయారన్నదే నా ప్రశ్న.

మంచి చెప్పి మొదలుపెడతా. మా వాషింగ్టన్ రాష్ట్రం కొండల్లో మంచుకి లోటు లేదు. 1998–99 శీతాకాలంలో మౌంట్ బేకర్ స్కీ ప్రాంతంలో 1,140 అంగుళాలు కురిసింది. ఒక సీజన్‌లో కొలిచిన మంచుకి అది ప్రపంచ రికార్డు. అయితే సముద్రం పక్కనే కాబట్టి ఇక్కడ కురిసేది యూటాలోలాగా పొడి దూది కాదు, నీరు పట్టిన బరువు మంచు. ఇక్కడివాళ్ళు ముద్దుగా క్యాస్కేడ్ కాంక్రీట్ అంటారు. అద్దెకి తెచ్చుకున్న సన్న స్కీలతో అందులో దిగితే ముక్కు లోపలికి పోతుంది, ఒంట్లో పైభాగం ముందుకి పోతుంది, మిగతాది మీరే ఊహించుకోండి.

స్టీవెన్స్ పాస్‌లో ఒక ఫిబ్రవరి శనివారం. రాత్రంతా కురిసి పొద్దున ఎనిమిదికి ఆగింది. మోకాలి కిందిదాకా బరువు మంచు. కొన్న తర్వాత ఈ జతకి అదే మొదటి అసలు పరీక్ష. మొదటి మలుపు దగ్గర అలవాటు కొద్దీ వెనక్కి వాలబోయా. అవసరం లేకపోయింది. ముక్కు తనే పైకి తేలింది. లెక్కేసి చూశా తర్వాత.. అద్దె జత కన్నా వీటి అడుగు వైశాల్యం మూడో వంతు పైనే ఎక్కువ. మంచులో దిగబడటం అన్న భయం పోయాక మనిషి మెదడుకి ఎంత ఖాళీ దొరుకుతుందో ఆ రోజు తెలిసింది.

అయితే అంతకన్నా నాకు నచ్చింది ఆ రోజు పదకొండు తర్వాత. అప్పటికి వందలమంది తిరిగి మంచంతా గుంటలూ గుట్టలూ అయిపోయింది. దుక్కి దున్నాక పెళ్ళలు లేచిన చెలకలాగా ఉంటుంది. ఒక చోట మెత్తన, ఇంకో చోట గట్టి, ఏది ఎక్కడుందో కనబడదు. తేలికపాటి స్కీలు అక్కడ పక్కకి కొట్టుకుపోతాయి. ఇవి ఒక్కోటి రెండు కిలోల దాకా ఉంటాయి, లోపల రేకుల వల్ల బిగువుగా ఉంటాయి. పెళ్ళల్ని చీల్చుకుని పోయాయి. కింద ఏం జరుగుతోందో పాదానికి తెలుస్తోంది గానీ మోకాలి దాకా రావట్లేదు. మధ్యాహ్నం మూడు వరకూ దిగుతూనే ఉన్నా. నా జీవితంలో మొదటిసారి ఈ ఆట నాకు వచ్చు అనిపించింది.

ఏప్రిల్‌లో కరిగే మంచు మీద కూడా ఇవి మహారాజులే. మధ్యాహ్నానికి పైపొర ఉప్మా రవ్వలాగా అయిపోతుంది. సన్న స్కీ అందులో గుచ్చుకుని హఠాత్తుగా ఆగుతుంది, మనం ఆగం. వెడల్పు స్కీ పైన పాకుతుంది. చెట్ల మధ్యా, గుబ్బల మీదా మాత్రం నాకు 180 పొడవు కొంచెం ఎక్కువే. అది స్కీ తప్పు కాదు, కొన్నవాడి అత్యాశ.

ఇక రెండోవైపు.

నాకు ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. శనివారాలన్నీ నావి కావు. నాకు దొరికేది ఎక్కువగా వారం మధ్యలో ఒక సాయంత్రం. సియాటిల్ నించి ఐ-90 మీద గంటలోపు పోతే స్నోక్వాల్మీ. దీపాల వెలుగులో రాత్రి దాకా స్కీయింగ్ ఉంటుంది. ఆఫీసు నించి తిన్నగా పోవచ్చు. అయితే ఆ కనుమ ఎత్తు మూడు వేల అడుగుల చిల్లర మాత్రమే. జనవరిలో కూడా మంచుకి బదులు వాన పడటం అక్కడ వింత కాదు. 2014–15 శీతాకాలంలో ఇక్కడ వర్షపాతం మరీ తగ్గలేదు, కాకపోతే మంచుగా పడాల్సింది చాలామటుకు వానగా పడిపోయింది. కొండల మీద నిలవ లేక 2015 మేలో రాష్ట్రమంతా కరువు ప్రకటించారు. నీళ్ళు పడ్డా నిలవకపోతే ఏమవుతుందో కాలువ చివరి భూముల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

సరే, పగలు వాన. చీకటి పడగానే గడ్డకడుతుంది. దాన్ని గ్రూమర్ యంత్రం దువ్వి చక్కగా గీతలు పెడుతుంది. పైనించి దీపాల్లో చూస్తే తెల్లటి కొత్త దుప్పటి పరిచినట్టు ఉంటుంది. గంటసేపట్లో జనం ఆ గీతల్ని గీకేస్తారు, కింద అద్దం బయటపడుతుంది. ఆ అద్దం మీద నా 'అన్నిటికీ ఒకటే' జత పనితనం చెప్పమంటే.. ఆలస్యం. అంతా ఆలస్యం. ఒక అంచు మీంచి రెండో అంచు మీదికి మారడానికి పాదం కింద పది సెంటీమీటర్లు దాటాలి. సన్న స్కీ మీద చీలమండ తిప్పితే అయ్యే పని ఇక్కడ నడుము దాకా కదిలిస్తే గానీ కాదు. కోరిన చోట మలుపు మొదలవదు, మొదలైన మలుపు కోరిన చోట ఆగదు. మధ్యలో అంచు జారి, ఎముకలు అదిరేలా గరగరమని చప్పుడు.

దీనికి లెక్క సులువే. స్కీ అంచు మీద నిలబడినప్పుడు నేల మన పాదం మధ్యలో తొయ్యదు, అంచు దగ్గర తోస్తుంది. ఆ దూరం నడుములో సగం. 70 మిల్లీమీటర్ల స్కీకి అది 35. నా జతకి 50. అంటే స్కీని మళ్ళీ చదును చెయ్యాలని చూసే మెలి నలభై శాతం పైగా ఎక్కువ. దాన్ని ఆపాల్సింది ఎవరు? బూటు, చీలమండ, ఆ పైన మోకాలు. మెత్తటి మంచులో ఈ బాధ ఉండదు. స్కీ మొత్తం దిగి కూర్చుంటుంది కాబట్టి మంచు అడుగంతా మోస్తుంది. మంచు గట్టిపడేకొద్దీ ఆ భారం అంచు మీదికీ, అక్కణ్ణించి మన మీదికీ వస్తుంది. పోటీల్లో స్లాలమ్ ఆడేవాళ్ళ స్కీల నడుము 70 లోపే ఎందుకుంటుందో ఇప్పుడు చెప్పక్కర్లేదు కదా. వాళ్ళు ఆడే వాలుని నీళ్ళు పోసి మరీ గట్టిచేస్తారు.

2022 డిసెంబర్‌లో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న ఒకరోజు గరాజ్‌లో ఈ జతని చూసి "ఎంతకు దెచ్చినవ్?" అన్నాడు. బైండింగులతో కలిపి దాదాపు ఎనభై వేల రూపాయలని చెప్పా. "గీ కట్టెలకా!" అని కాసేపు మౌనం. తర్వాత చేత్తో వెడల్పు కొలిచి, పక్కనే ఉన్న మా పిల్లల అద్దె స్కీలతో పోల్చి, "ఇవెందుకు గింత వెడల్పు?" అనడిగాడు. మెత్తటి మంచులో దిగబడకుండా అన్నా. "కేజ్‌వీల్ లెక్క" అన్నాడు వెంటనే.

సరిగ్గా అదే. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి ఇనుప చట్రాల చక్రాలు బిగిస్తారే, అవి. అవి లేకపోతే రొంపిలో ట్రాక్టర్ ఇరుసుదాకా దిగుతుంది. నాన్న అక్కడితో ఆగలేదు. "మరి రోడ్డెక్కితే?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పల్లెటూరి వాళ్ళందరికీ తెలుసు, కేజ్‌వీల్స్‌తో తారు రోడ్డెక్కితే రోడ్డూ పాడు, బండీ పాడు, నడిపేవాడి నడుమూ పాడు. కేసులు పెడతామని అధికారులు ఏటా నాట్ల కాలంలో హెచ్చరిస్తూనే ఉంటారు. టైరు పక్కనే బిగించే సగం చక్రాలు కూడా ఉంటాయి. హాఫ్ కేజ్‌వీల్. అటూ ఇటూ తిరగొచ్చు. మా నాన్న అవి కూడా వాడాడు. "పనైతది. కానీ లోతు మడిల గది సాలదు" అనేవాడు. నేను కొన్నది హాఫ్ కేజ్‌వీలే. సమస్యల్లా ఏమిటంటే నేను వారానికోసారి తిరిగేది తారు రోడ్డు మీద.

ఇప్పుడు ఆ మింగుడుపడని సంగతి. 2023 జనవరి. ఆఫీసులో నాకు దగ్గరి మిత్రుడు, వరంగల్ వైపు వాడు. అంతకు ముందు ఒక సీజన్ అద్దె స్కీలతో నేర్చుకున్నాడు. సొంత జత కొందామనుకుంటూ లంచ్‌లో నన్నడిగాడు. నేను స్టీవెన్స్ పాస్ మత్తులో ఉన్నా. "కళ్ళు మూసుకుని ఇదే కొను, అన్నిటికీ పనికొస్తుంది" అన్నా. నిజంగా ఆ మాటలే అన్నా. కొన్నాడు. నా కన్నా పొట్టివాడు, కానీ నా పొడవుదే కొన్నాడు. నేను కొన్నదే తనకీ మంచిదని.

మూడోసారి వాడినప్పుడు పడ్డాడు. ఏ కొండో అనవసరం, కొండది ఏ తప్పూ లేదు. రాత్రి, గడ్డకట్టిన వాలు. పెద్ద వేగం కూడా కాదు. మలుపు పూర్తి కాక ముందే లోపలి స్కీ అంచు ఎక్కడో పట్టుకుంది, మనిషి ఒకవైపు, కాలు ఒకవైపు. నేను పక్కనే ఉన్నా. బైండింగ్ విడిపోలేదు. మీలో చాలామంది, బైండింగ్ సరిగ్గా సెట్ చేయిస్తే మోకాలికి భయం లేదనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, ఆడే తీరు చూసి పెట్టే ఆ అంకె ముఖ్యంగా కాలి ఎముక విరక్కుండా కాపాడటానికి. నెమ్మదిగా మెలి తిరిగి పడినప్పుడు మోకాలి లిగమెంట్లకి అది పెద్ద భరోసా ఏమీ ఇవ్వదు. మోకాలి లోపలివైపు లిగమెంటు చిరిగింది. ఆపరేషన్ అవసరం పడలేదు, అది అదృష్టం. ఆరు వారాలు పట్టీ, ఆ తర్వాత ఫిజియోథెరపీ. రెండో అంతస్తులో వాళ్ళ ఫ్లాట్, లిఫ్ట్ లేదు, నెలల పాప. వాళ్ళావిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

స్కీ వల్లే పడ్డాడని నేను అనను. అనలేను కూడా. సన్న స్కీల మీద కూడా రోజూ జనం పడతారు. అలసట ఉండొచ్చు, వెలుతురు ఉండొచ్చు. నేను చెప్పగలిగింది ఒక్కటే: ఆ రాత్రి, ఆ వాలు మీద, ఆ అనుభవానికి ఆ జత అస్సలు తగినది కాదు. ఆ సంగతి నాకు తెలిసే అవకాశం ఉంది. నేనూ అదే వాలు మీద అంతకు ముందు పది రాత్రులు గరగరలాడుతూ దిగాను. ఆ రాత్రులు నా లెక్కలోకి రాలేదు. ఆ ఒక్క ఫిబ్రవరి శనివారమే నా నాలుక మీద ఉంది.

తర్వాత ఇంటికొచ్చి నా పాత లిఫ్ట్ టికెట్ రికార్డులు తీసి కూర్చున్నా. నాలుగు సీజన్లు, 61 రోజులు. అందులో చీలమండ దాటి కొత్త మంచున్న రోజులు తొమ్మిది. వసంతంలో మెత్తబడ్డవి, గుట్టలు పడ్డవి కలిపి ఇంకో పద్ధెనిమిది. మిగిలిన 34 దువ్విన గట్టి మంచు, ఎక్కువ భాగం రాత్రి. సగానికి పైగా రోజులు నేను తప్పుడు పరికరంతో తిరిగా. కొనేటప్పుడు నన్నెవరైనా "నువ్వు ఏ మంచు మీద తిరుగుతావ్?" అని అడిగి ఉంటే, నిజాయితీగా ఈ లెక్క చెప్పేవాణ్ణి కాదేమో. ఏ మంచు మీద తిరగాలనుకుంటున్నానో అది చెప్పేవాణ్ణి. దుకాణాలు అమ్మేది ఆ కోరికనే. 'అన్నిటికీ' అన్న మాటలో ఏ అబద్ధమూ లేదు, కానీ ఎంతెంత అన్నది చెప్పరు. ఈ స్కీ పుట్టుకతో మెత్తటి మంచుది. గట్టి మంచుని ఓర్చుకుంటుంది. ఓర్చుకోవడం, బాగా ఆడటం ఒకటి కాదు.

సమీక్షలు రాసేవాళ్ళని తిట్టబోను. వాళ్ళు చాలామంది సీజన్‌కి వంద రోజులు కొండ మీదే ఉంటారు. నడుము 100 ఉన్నదాన్ని అద్దం మీద కూడా నిలబెట్టగల కాళ్ళు వాళ్ళవి. "గట్టి మంచు మీద కూడా ఆశ్చర్యంగా పట్టు ఇస్తుంది" అని రాస్తే అది వాళ్ళకి నిజమే. ఆ 'ఆశ్చర్యంగా' అన్న మాట దగ్గర మనం ఆగాలి. మన సినిమా సమీక్షల్లో "రెండో సగం కాస్త నెమ్మదించినా" అన్నట్టు, చెప్పాల్సిందంతా అందులోనే ఉంటుంది.

కాబట్టి బావమరిదీ, నీకు. మీ కొలరాడో మంచు మా దగ్గరకన్నా పొడిగా, చల్లగా ఉంటుంది. మాలాగా వాన పడి గడ్డకట్టడం అంతగా ఉండదు. ఆ మేరకు నువ్వు అదృష్టవంతుడివి. అయినా నువ్వు తిరిగేది శనివారాలు, మందలో, దువ్విన వాలు మీద. మొదటి రెండేళ్ళు కొనకు. సీజన్‌కి అద్దెకిస్తారు, తీసుకో. డబ్బు ఖర్చుపెట్టే తీరాలంటే బూట్ల మీద పెట్టు. పాదం కొలిచి, గంటసేపు కూర్చోబెట్టి సరిచేసే మనిషి దగ్గరికి పో. వదులు బూట్లతో ఏ స్కీ అయినా వెడల్పు స్కీయే. తర్వాత కొనాలనుకుంటే నడుము 80 నించి 88 లోపు, పొడవు నీ గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చేది చూడు. కొత్త మంచు పడ్డ రోజు ఒక వంద నడుము జత అద్దెకి తెచ్చుకుని ఆడు, నేను చెప్పింది నిజమో కాదో నీకే తెలుస్తుంది. దుకాణం వాళ్ళు కొనే ముందు డెమో ఇస్తామంటే గట్టి మంచున్న పొద్దుటి పూటే అడుగు. మధ్యాహ్నం ఎండకి మెత్తబడ్డాక అన్ని స్కీలూ మంచివే. ఉక్కు అంచులు ఏటా పదును పెట్టించు. నేను రెండేళ్ళు పెట్టించలేదు, నా గరగరలో కొంత వాటా దానిది కూడా అని ఒప్పుకుంటున్నా.

వరంగల్ మిత్రుడు పోయిన శీతాకాలం మళ్ళీ కొండ ఎక్కాడు. ఈసారి నడుము 82. ఆ పాత జతని నేనే కొనుక్కుంటానన్నా, ఒప్పుకోలేదు. "ఉండనీ, పెద్ద మంచు పడ్డ రోజు పనికొస్తది" అన్నాడు. అది వాళ్ళ బాల్కనీలో అలాగే ఉంది. నేను కూడా పాతవి, నడుము 78 ఉన్నవి ఒక జత రెండో చేతిలో చవగ్గా కొన్నా. సాయంత్రాలకి అవే.

ఇదంతా నిన్న రాత్రి బావమరిదికి ఫోన్‌లో చదివి వినిపించా. ఓపిగ్గా విన్నాడు. చివర్లో "అయితే నీ జత నాకు అమ్మేయ్ బావా, నీకెందుకిగ" అన్నాడు.

అమ్మనన్నా. వచ్చే గురువారం నాలుగు వేల అడుగుల పైన మంచే పడుతుందట. శుక్రవారం సెలవు పెట్టా.